మైకులో మిగిలిన గొంతు

షిఫ్టు సైరన్ మోగుతున్నప్పుడు తుపాకీ పేలితే ఎవరికీ వినపడదు. ఆ సంగతి పేల్చినవాడికి బాగా తెలుసు.

లాబొరేటరీ నుంచి హ్యాంగర్‌కి వెళ్ళే పొడుగాటి వరండాలో, చీఫ్ కెమిస్టు గోడకి వీపు ఆనించి మెల్లగా కిందికి జారాడు. తెల్లకోటు ఎర్రబడుతోంది. సరిగ్గా అప్పుడే ఆయన నెత్తిమీదున్న స్పీకరు చిన్నగా గొంతు సవరించుకుంది.

"షిఫ్టు మారుతోంది. తోసుకోకండి. నిదానంగా నడవండి. మెట్లు చూసుకోండి."

ఆ గొంతు ఆయనదే. ప్లాంటు కట్టిన కొత్తలో, బయటివాళ్ళనెవర్నో పిలిపించడం దేనికని, జాగ్రత్తలన్నీ ఆయనే చదివి రికార్డు చేయించాడు. చదవబోయే ముందు గొంతు సవరించుకోవడం కూడా టేపుకెక్కింది. దాన్ని తీసెయ్యడం ఎవరికీ తోచలేదు. మనిషి నేలమీద ప్రాణం వదులుతుంటే, ఆ గొంతు పైనుంచి మిగతావాళ్ళందర్నీ క్షేమంగా ఇళ్ళకి సాగనంపింది.

ఆయన్ని మొదట చూసింది కన్సల్టెంటు మేడం. జనం పరిగెత్తుకొచ్చేసరికి ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని ఏడుస్తోంది. చూసినవాళ్ళకి గుండె తరుక్కుపోయింది.

*

పాత ఫ్యాన్లు రిపేరు చేసే షాపు అది. గుమ్మంలో స్టూలు మీద కూర్చున్న మెకానిక్ తలెత్తలేదు.

"టేబుల్ ఫ్యాను తిరగడం లేదండీ" అన్నాడు వచ్చినవాడు.

"రెక్కలు తుడిచారా?"

"తుడిచాను. నా నీడే కనపడింది."

మెకానిక్ కాలితో ఏదో నొక్కాడు. గోడకున్న ఎగ్జాస్ట్ ఫ్యాను చట్రంతో సహా పక్కకి జరిగింది. లోపల గదిలో పెద్దాయన ఉన్నాడు. డిపార్ట్‌మెంటులో అందరూ ఆయన్ని పెద్దాయన అనే అంటారు, ఆయన్ని కన్న తల్లి కూడా అలాగే పిలిచిందేమో అన్నట్టుగా. వచ్చినవాడి పేరు సైలెన్సర్. నోట్లో నాలుక లేనట్టు ఉంటాడని తోటి ఏజెంట్లు పెట్టిన పేరు. అతను దాన్ని కూడా కాదనలేదు.

"కూర్చో" అన్నాడు పెద్దాయన. "ఈ పని నీకివ్వకూడదు. పోయినవాడు నీ బావ."

"ఇంకెవరికీ ఇవ్వకండి సర్."

పెద్దాయన నిట్టూర్చాడు. "సరే, విను. గాలిలోంచి కార్బన్, నీళ్ళలోంచి హైడ్రోజన్. ఈ రెండూ కలిపి విమానాల్లో పోసే ఇంధనం చేశాడు మీ బావ. సింథటిక్ ఇంధనం. ఇది ఫ్యాక్టరీల్లో పెద్ద ఎత్తున తయారైతే మనం బయటినుంచి చమురు కొనక్కర్లేదు. కానీ కొత్త వ్యాపారంలో చెయ్యి పెట్టడానికి ఏ కంపెనీకైనా భయమే కదా. అందుకని ప్రభుత్వం ప్రోత్సాహకం ప్రకటించింది. చేసిన ప్రతి లీటరుకీ సబ్సిడీ. పన్ను మాఫీ. అమ్ముడుపోనిది ప్రభుత్వమే కొంటుంది."

"షరతు?"

"ఉంది. మామూలు పెట్రోలియం ఒక్క చుక్క కూడా కలపని ఇంధనంతో ఒక విమానం అందరి కళ్ళముందూ ఎగరాలి, దిగాలి. దిగిందా, స్కీము అమల్లోకొస్తుంది. దిగలేదా, ఫైలు అటకెక్కుతుంది. మళ్ళీ మన తరంలో ఎవరూ దాని దుమ్ము దులపరు."

"అటకెక్కితే లాభం ఎవరికి?"

"సిండికేట్‌కి. ఇన్నాళ్ళూ మనకి చమురు అమ్ముకుని బతుకుతున్న విదేశీ ముఠా. అందులో మన మనిషి ఒకరున్నారు. కోడ్ నేమ్ నెమలి. ట్యాంకులో ఇంధనం కల్తీ చేసి విమానాన్ని కూల్చాలని చూస్తున్నారని నెమలి కబురు పంపింది. మీ బావకి ఈ కుట్ర పసిగట్టే టైము దొరికిందని నా అనుమానం. చెప్పే టైము దొరకలేదు."

సైలెన్సర్ గోడవైపు చూశాడు. "నడిపే పైలట్..."

"మీ అక్కే. వేరేవాళ్ళని పెడతామమ్మా అని నేనే స్వయంగా అడిగాను. వినలేదు."

"అక్క ఎవరి మాటా వినదు సర్."

అది బావ మాట. భోజనాల దగ్గర ఎప్పుడూ అనేవాడు: "ప్లాంటంతా నా మాట వింటుందోయ్ బావమరిదీ, నేను ఆగమంటే ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు. మీ అక్క తప్ప." అక్క వినపడనట్టు కూర వడ్డించేది. తర్వాత బావ రబ్బరు గురించో పైపుల గురించో మొదలుపెట్టేవాడు. సైలెన్సర్ ఊకొడుతూ కునికిపాట్లు పడేవాడు. ఇప్పుడు ఆ కునుకులన్నీ గుర్తొచ్చి గుండెల్లో కలుక్కుమంటోంది.

పెద్దాయన ఒక కవరు ముందుకు జరిపాడు. బావ కళ్ళజోడు, రెండు రబ్బరు రింగులు. ప్లాంటులో లోహపు ఉంగరాలు నిషిద్ధం. ఎక్కడైనా రాసుకుని నిప్పురవ్వ లేస్తే అంతే సంగతులు. అందుకని పెళ్ళి ఉంగరం బదులు బావ పైపుల సందుల్లో వాడే ఆకుపచ్చ రబ్బరు రింగొకటి వేలికి తొడుక్కునేవాడు. ఆ ఆకుపచ్చది కవర్లో ఉంది. దాంతోపాటు నల్లది ఇంకొకటి.

"నల్లది చిటికెన వేలికి ఉంది" అన్నాడు పెద్దాయన. "ఇదుగో, ఇది గాడ్జెట్ సెక్షన్ వాళ్ళిచ్చిన పెన్ను. ఇంధనంలో ముంచు. స్వచ్ఛమైనదైతే ఆకుపచ్చ లైటు, చుక్క పెట్రోలియం కలిసినా ఎరుపు. రాయడానికి మాత్రం పనికిరాదు."

*

ఆకుపచ్చ రింగు అక్కకిచ్చాడు. ఆమె దాన్ని బొటనవేలికి తొడుక్కుని, నల్లదాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పింది.

"ఇదెక్కడిదిరా? ఆయన నల్లది ఎప్పుడూ పెట్టుకోలేదే. అవి పాత విమానాలకి వాడేవి."

"ఏదో శాంపిల్ అయ్యుంటుందక్కా."

"అయితే నువ్వుంచుకో. ఆయన చివర్న ముట్టుకున్నదేగా."

అతను దాన్ని తన చిటికెన వేలికి తొడుక్కున్నాడు. సరిగ్గా సరిపోయింది.

"అక్కా, నువ్వు ఎగరొద్దు."

"ఆయన అన్నేళ్ళు నిద్రాహారాలు మాని చేసింది, పైకి తీసుకెళ్ళేది ఎవరో ముక్కూమొహం తెలియనివాడా?" అంది అక్క. గొంతు పెంచలేదు. "నువ్వు నీ పని చెయ్యి, నేను నా పని చేస్తాను."

*

బొద్దు మీసం, లావు కళ్ళద్దాలు, నూనె రాసి అణిచిన జుట్టు. ప్రభుత్వం తరఫున శాంపిల్ తీసే ఇన్స్పెక్టరుగా సైలెన్సర్ ప్లాంటులో అడుగుపెట్టాడు.

మొదటి తలుపు దగ్గరే కాళ్ళు ఆగిపోయాయి. పైన ఎవరో గొంతు సవరించుకున్నారు.

"తలుపు మూసుకుంటోంది. వేళ్ళు చూసుకోండి."

వంద తుపాకుల మధ్య నిలబడ్డ మనిషికి ఒళ్ళు జలదరించింది. ప్రతి తలుపుకీ బావ ఉన్నాడు. లిఫ్టులో ఉన్నాడు, మెట్లమీద ఉన్నాడు, చేతులు కడుక్కునే చోట నీళ్ళ పక్కన ఉన్నాడు. "సబ్బు కంట్లో పడకుండా చూసుకోండి" అంటాడు. చనిపోయినవాళ్ళు ఇంటి గోడమీద ఫోటోలో ఉంటే ఓ దండం పెట్టుకుని బయటపడొచ్చు. ఇలా అడుగడుగునా మన వేళ్ళ గురించి, కళ్ళ గురించి ఆరా తీస్తుంటే మనిషి ఏమైపోవాలి?

ప్లాంటు మేనేజరు ఎదురొచ్చాడు. ఎప్పుడూ చెమటలు తుడుచుకుంటుండే మనిషి. "రండి ఇన్స్పెక్టరు గారూ. మా రూల్సు ముందే చెప్పేస్తాను. మా బట్టలకి జేబులుండవు, ఏదీ ట్యాంకుల్లో పడకూడదని. శాంపిల్ తీసేటప్పుడు చేతికి ఏమీ ఉండకూడదు. గోడలకి ఎర్ర బటన్లు చూశారా? ఎవరైనా ఏదైనా తేడా చూస్తే అద్దం పగలగొట్టి అది నొక్కుతారు. చీఫ్ కెమిస్టు గారి గొంతు వినపడుతుంది, ఆగండి అని. అంతే. ఎవరి చేతిలో పని వాళ్ళ చేతిలోనే ఆగిపోవాలి. స్క్రూ తిప్పుతుంటే స్క్రూ మీదే చెయ్యి ఉండాలి. తియ్యకూడదు, తిప్పకూడదు. ఎందుకు, ఏమిటి అనేది తర్వాత. నెలనెలా ప్రాక్టీసు చేయించేవారు ఆయన. ఇప్పుడు నిద్రలో వినపడినా బిగుసుకుపోతాం."

"రన్‌వే దగ్గర కూడానా?"

"కంట్రోల్ టవరుతో సహా. అదీ మాదేగా."

మేనేజరు వెనకనుంచి కన్సల్టెంటు మేడం వచ్చింది. ఆమె వచ్చిందంటే గదిలో దీపాలు కాస్త ఎక్కువ వెలిగినట్టుంటుంది. బూడిదరంగు సూటు, ముత్యాల దుద్దులు, ఎవర్నీ తొందరపెట్టని నడక. ప్రోత్సాహకాల స్కీము ముసాయిదా రాసింది ఆమే. విమానం సర్వీసింగుకి విదేశం నుంచి మెకానిక్కుల్ని రప్పించిందీ ఆమే. మేనేజరు పక్కకి వెళ్ళగానే, కిటికీలోంచి బయటికి చూస్తూ అంది:

"మీ గడియారం కాస్త నెమ్మదిగా నడుస్తున్నట్టుంది."

"నడుస్తోందిగా. అదే చాలు" అన్నాడు సైలెన్సర్. కోడ్ సరిపోయింది. నెమలి ఈమే.

"ఇంధనం కల్తీ చేసేది ఎవరో ఇంకా తేలలేదు" అంది మెల్లగా. "కానీ చేసేది ట్యాంకు దగ్గరే. మీ కళ్ళు ట్యాంకు మీంచి తీయకండి. అక్కడ ఏ చిన్న..."

పక్క తలుపు కదిలింది. "వేళ్ళు చూసుకోండి" అన్నాడు బావ.

మేడం మాట మధ్యలో తెగిపోయింది. చేత్తో దుద్దు సర్దుకుని, తలుపు పూర్తిగా మూసుకున్నాక మళ్ళీ అందుకుంది. "ఏ చిన్న అనుమానమొచ్చినా నాకు చెప్పండి."

ఆమెకీ బాధగా ఉన్నట్టుంది అనుకున్నాడు సైలెన్సర్. బావ చేతులు పట్టుకుని ఏడ్చిన మనిషి కదా.

ఆ సాయంత్రం విమానం ట్యాంకు నింపారు. సైలెన్సర్ కళ్ళల్లో వత్తులు వేసుకుని చూశాడు. పెన్ను ముంచాడు. ఆకుపచ్చ. ఇంజన్ ఆన్ చేసి చూశారు, ఎక్కడా చెమ్మ లేదు. ఇంధనం నీళ్ళలా తేటగా ఉంది, వాసన కూడా లేదు. శాంపిల్ సీసాలు నింపబోతుంటే చిటికెన వేలి రింగు గుర్తొచ్చింది. చేతికి ఏమీ ఉండకూడదు. దాచుకుందామంటే తనకిచ్చిన ప్లాంటు బట్టలకి జేబుల్లేవు. ఎక్కడైనా పెడితే పోతుందని భయం. తన వంతు మందపాటి గాజు సీసాలో దాన్ని జారవిడిచి మూత బిగించాడు. నల్ల రింగు మెల్లగా అడుక్కి దిగింది.

బయటికొస్తుంటే వరండాలో అక్క కనపడింది. పైలట్ డ్రెస్సులో ఉంది. ఒక తలుపు ముందు నిలబడి, దాన్ని తీసి వదిలేస్తోంది. అది మూసుకుంటోంది. మళ్ళీ తీస్తోంది.

"వేళ్ళు చూసుకోండి."

"వేళ్ళు చూసుకోండి."

అతన్ని చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇన్స్పెక్టరు గారూ, శాంపిల్ బాగుందా?" అని పైకి అడిగి, దగ్గరికొచ్చాక గొంతు తగ్గించింది. "మీసం అస్సలు బాలేదురా."

"అక్కా..."

"ఏం చెయ్యను? ఇంట్లో మైకు లేదుగా" అంది. అనేసి వెళ్ళిపోయింది. సైలెన్సర్ ఆ తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు, దాన్ని ముట్టుకునే ధైర్యం చాలక.

*

మర్నాడు పొద్దున ప్లాంటు పెళ్ళివారిల్లులా ఉంది. మంత్రిగారొచ్చారు, కెమెరాలొచ్చాయి. రన్‌వే పక్కన కుర్చీలు వేశారు. సైలెన్సర్ మొదటి తలుపు దాటాడు. ఏదో వెలితి.

తలుపు 'టింగ్' మని మూసుకుంది. అంతే. గొంతు లేదు.

రెండో తలుపు. టింగ్.

"ఏమైంది?" అని మేనేజరుని పట్టుకున్నాడు.

"తీయించేశామండీ. మేడం చెప్పారు. పోయినాయన గొంతు అలా వినపడుతుంటే భార్యకి ఎంత నరకం, ముఖ్యంగా ఇవాళ, అన్నారు. నిజమే కదా. మాకీ బుద్ధి లేకపోయింది. ఎర్ర బటను ఒక్కటే మిగిలింది, దాని వైరింగు వేరు. అదీ వచ్చే వారం మార్చేస్తాం."

మంచి మనసు, అనుకున్నాడు సైలెన్సర్ నడుస్తూ. శాంపిల్ గదిలోకి వెళ్ళాడు. టింగ్. కిటికీలోంచి రన్‌వే కనపడుతోంది. తెల్లని చిన్న విమానం, దాని పక్కన హెల్మెట్ చంకన పెట్టుకుని అక్క. మంత్రిగారు కరచాలనం చేస్తున్నారు.

బావ ఇవాళ రెండోసారి పోయినట్టుంది. ఆ గొంతు ఉన్నన్నాళ్ళూ భయం వేసింది, లేకపోయేసరికి ఈ గదిలో ఒక్కడే ఉండలేకపోతున్నాడు. ఆయనది ఏదో ఒకటి ఒంటిమీద ఉంటే బాగుండనిపించింది. తన సీసా మూత తీసి, పట్టకారుతో నల్ల రింగు బయటికి తీశాడు. తుడిచి చిటికెన వేలికి తొడగబోయాడు.

ఎక్కలేదు.

గోరు దాటి, మొదటి కణుపు దగ్గర ఆగిపోయింది. నిన్నటిదాకా సరిపోయిన రింగు. మెత్తదనం పోయి, ఎండిన తోలులా బిగుసుకుంది. బలంగా లాగితే పుటుక్కున తెగేట్టుంది.

కునికిపాట్ల మధ్య విన్న మాటలు ఒక్కొక్కటే లేచి కూర్చున్నాయి. భోజనాల బల్ల. బావ చేతిలో చెంచా. "నల్ల రబ్బరుంది చూశావూ, అది మామూలు పెట్రోలియంని తాగి ఉబ్బుతుందోయ్. ఉబ్బి సందులన్నీ మూసేస్తుంది. నా ఇంధనం దానికి గిట్టదు. అందులో పడిందంటే తాగిందంతా కక్కేసి, ఎండి, చిక్కిపోతుంది. కారడం మొదలవుతుంది. అందుకే ఆకుపచ్చవి పెట్టించాను. వింటున్నావా బావమరిదీ?"

వింటున్నాను బావా, అన్నాడప్పుడు, కళ్ళు మూసుకునే.

ఇంధనాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకోనక్కర్లేదు. సర్వీసింగు పేరుతో వచ్చిన మెకానిక్కులు ఆకుపచ్చ రింగులు పీకేసి, పెట్రోలియం తాగించిన నల్లవి బిగించారు. నిన్న సాయంత్రం ఉబ్బి ఉన్నాయి కాబట్టి చెమ్మ లేదు. రాత్రంతా సీసాలో ఈ రింగు ఏమైందో, విమానంలో ఆ రింగులూ అదే అయ్యుంటాయి. పైకి లేచి, ఇంజన్ కాగి, ప్రెషరు పెరిగితే కారిన ఇంధనం కాలే ఇంజన్ మీదే పడుతుంది. స్వచ్ఛమైన ఇంధనమే తగలబడిందని దేశమంతా చూస్తుంది. పెట్రోలియం చుక్క కూడా కలపకూడదనే షరతు రాసింది ఎవరు? కళ్ళు ట్యాంకు మీంచి తీయొద్దని చెప్పింది ఎవరు?

ఆ గొంతుని ప్రేమించిన మనిషి దానికోసం తలుపు పదేపదే తీసింది. భయపడిన మనిషి తీయించేసింది.

చెవిలో దాచిన ఇయర్‌ఫోను నొక్కాడు. "సర్, విమానం ఆపండి. కోడ్ దీపం. కోడ్ దీపం." గురగుర తప్ప ఏమీ లేదు. ఎవరో జామ్ చేశారు.

టింగ్.

"పెద్దాయనకి వినపడదు" అంది కన్సల్టెంటు మేడం. చేతిలో చిన్న పిస్టల్ ఉంది. ముత్యాల దుద్దులంత అందంగా ఉంది అది కూడా. తలుపు మూసి దానికి ఆనుకుని నిలబడింది. ఆమె భుజం పక్కన గోడమీద, అద్దం వెనక ఎర్ర బటన్. "కూర్చోండి. కాసేపట్లో అయిపోతుంది."

బయట ఇంజన్ గర్జించింది. విమానం మెల్లగా కదులుతోంది.

"బావని చంపింది నువ్వేనా?"

"నా డ్రైవరు. నేను కాదు." ఆ తేడా తనకి ముఖ్యమన్నట్టు అంది. "ఆయన నేరుగా నా దగ్గరికే వచ్చారు. 'మేడం, మీ మెకానిక్కులు పొరపాటున తప్పు రింగులు వేశారు, మీకు చెడ్డపేరొస్తుంది' అని. నాకు చెడ్డపేరట! ఆ మాట ఇంకా..." ఆగింది. "ఆ రింగు ఎక్కడ దొరికింది మీకు? ఆయన దగ్గర అంతా వెతికాను."

"వేలికే ఉంది."

"ఆ చేతులు నేనే పట్టుకున్నాను. చూశాను కూడా. ఆయన రబ్బరు ఉంగరాలు పెట్టుకోవడం మామూలేగా అనుకున్నాను."

విమానం రన్‌వే మొదట్లోకి వెళ్ళి తిరిగింది. కుర్చీల్లోని జనం లేచి నిలబడ్డారు.

సైలెన్సర్ చేతిలో సీసా ఉంది. మందపాటి గాజు, నిండా ఇంధనం. అతని చెయ్యి లేవడం ఆమె చూసింది. విసరడం కూడా చూసి చటుక్కున పక్కకి వంగింది. పిస్టల్ పేలింది. గుండు అతని భుజం చీల్చుకుంటూ పోయింది. సీసా ఆమె చెవి పక్కగా దూసుకెళ్ళి గోడకి తగిలి భళ్ళున పగిలింది.

"గురి తప్పింది" అంది.

"తప్పలేదు" అన్నాడు సైలెన్సర్.

గోడమీద అద్దం పగిలిపోయింది. ఎర్ర బటన్ లోపలికి దిగి ఉంది.

పైన, వరండాల్లో, హ్యాంగర్లో, కంట్రోల్ టవర్లో, రన్‌వే పక్క స్తంభాలమీద, ఎక్కడెక్కడున్న స్పీకర్లన్నిట్లో ఒక్కసారిగా ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఆగండి. చేతిలో పని చేతిలోనే ఆపండి. ఎందుకో తర్వాత అడగండి. ఇప్పుడు ఆగండి."

మేడం బిగుసుకుపోయింది. పిస్టల్ చేతిలోనే ఉంది, వేలు మీటమీదే ఉంది, కానీ ఆమె చూపు స్పీకరు మీద ఉంది, అందులోంచి ఆయనే దిగివస్తాడేమో అన్నట్టు. సైలెన్సర్ ఆ పిస్టల్ని ఆమె చేతిలోంచి పిల్లల దగ్గర కత్తెర తీసుకున్నట్టు తీసుకున్నాడు. ఆమె అడ్డుపడలేదు. గోడవారగా కూర్చుండిపోయి రెండు చెవులూ మూసుకుంది.

అతను కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. భుజంనుంచి రక్తం కారుతోందని అప్పటికి తెలియదు. ప్లాంటంతా బొమ్మల కొలువులా నిలిచిపోయింది. గొట్టం పట్టుకున్నవాడు గొట్టంతో, నిచ్చెనెక్కినవాడు నిచ్చెనమీద. కానీ విమానంలో స్పీకర్లు లేవు. హెల్మెట్ పెట్టుకుని, ఇంజన్ హోరులో ఉన్న అక్కకి ఇవేవీ వినపడవు. విమానం వేగం అందుకుంటోంది.

"అక్కా" అన్నాడు. వినపడదని తెలిసీ కిటికీ అద్దాన్ని పిడికిలితో గుద్దుతూ అరిచాడు. "అక్కా!"

సరిగ్గా ఆ క్షణాన టవర్లో ఏం జరిగిందో తర్వాత తెలిసింది. కంట్రోలరు మైకు బటన్ నొక్కి "అంతా బాగుంది, శుభ..." అంటున్నాడు. నెత్తిమీద స్పీకరు ఆగమంది. నెలనెలా బావ చేయించిన ప్రాక్టీసు ఊరికే పోలేదు. కంట్రోలరు నోరు ఆగిపోయింది, వేలు మాత్రం బటన్ మీదే ఉండిపోయింది. చేతిలో పని చేతిలోనే. తెరుచుకుని ఉన్న ఆ మైకులోంచి, ఆ గదిలోని గొంతు గొంతంతా అక్క చెవిలోకి వెళ్ళింది.

విమానం ముందు చక్రం నేలని వదలబోయి మళ్ళీ తాకింది. టైర్లు కీచుమన్నాయి. అటూ ఇటూ ఊగుతూ, పొగలు కక్కుకుంటూ, రన్‌వే చివరి గడ్డిలోకి దిగి ఆగింది.

*

ఇంజన్ మూత విప్పారు. నల్ల రింగుల సందుల్లోంచి ఇంధనం జారుతోంది. నీళ్ళలా తేటగా, వాసన లేకుండా, పెన్ను పెడితే ఆకుపచ్చ లైటు వెలిగేంత స్వచ్ఛంగా. ఇంకాస్త దూరం పోయుంటే చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. మేడం డ్రైవరు గేటు దాటుతూ దొరికాడు. మెకానిక్కులు కారెక్కబోతూ దొరికారు.

ఆకుపచ్చ రింగులు వేసి వారం తిరక్కుండానే అదే విమానం, అదే అక్క, అదే ఇంధనం. ఎగిరింది, కొండలు చుట్టి వచ్చింది, దిగింది. స్కీము అమల్లోకొచ్చింది. దరఖాస్తు పెట్టుకునే కంపెనీల వాళ్ళు డిపార్ట్‌మెంటు మెట్లమీద ఒకరినొకరు తోసుకుంటున్నారని మేనేజరు చెమటలు తుడుచుకుంటూ చెప్పాడు.

పెద్దాయన ఫ్యాన్ల షాపులో రిపోర్టు రాస్తూ తలెత్తాడు. "అవునూ, విమానాన్ని ఆపిందెవరని రాయను?"

"చీఫ్ కెమిస్టు అని రాయండి సర్."

"చచ్చిపోయినవాడి పేరు రాస్తే ఆడిట్ వాళ్ళు నన్ను బతకనివ్వరయ్యా" అన్నాడు పెద్దాయన. కానీ అదే రాశాడు.

ఆ సాయంత్రం అక్కాతమ్ముళ్ళిద్దరూ ప్లాంటు వరండాలో నడుస్తున్నారు. సైలెన్సర్ మీసం తీసేశాడు, భుజానికి కట్టు ఉంది. బావ పడిపోయిన చోటికి వచ్చేసరికి ఇద్దరి నడకా దానంతటదే మెల్లబడింది. అక్క మొహం చూడటానికి అతనికి ధైర్యం చాలలేదు. మేనేజరు పాత గొంతుల్ని మళ్ళీ పెట్టించాడు. అక్క అడగలేదు, ఆయనే పెట్టించాడు.

"నిజం చెప్పక్కా. రేడియోలో బావ గొంతు విని ఏమనుకున్నావు?"

"అనుకోవడానికి టైమెక్కడిది? ఆ గొంతు సవరించుకోవడం వినపడగానే నా కాళ్ళు బ్రేకుల మీదున్నాయి. ఆగాక చూసుకుంటే, నేను హెల్మెట్‌లో 'ఆ, ఆగానండీ' అంటున్నాను." ఆమె నవ్వబోయింది. కుదరలేదు. బొటనవేలికున్న ఆకుపచ్చ రింగుని కాసేపు తిప్పుతూ ఉండిపోయింది. కళ్ళనిండా నీళ్ళు.

ఎదురుగా ఉన్న తలుపు తెరిచి అతను పక్కకి తప్పుకున్నాడు. ఇద్దరూ దాటారు. వెనకాల అది మెల్లగా కదిలింది. పైన ఎవరో గొంతు సవరించుకున్నారు.

"తలుపు మూసుకుంటోంది. వేళ్ళు చూసుకోండి."

అక్క చటుక్కున చేతులు దగ్గరికి తీసుకుంది. తీసుకున్నాక స్పీకరు వైపు చూసి, కళ్ళు తుడుచుకుంటూ అంది:

"ఆయన లేరు కాబట్టి సరిపోయింది గానీ, ఉంటే నేను మాట విన్న ఈ ఒక్కసారినీ పట్టుకుని జన్మంతా దెప్పేవారురా."